కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందా?

ఓ స్నేహితురాలికి చదవమని ఒక నవల ఇస్తే నెల తర్వాత తిరిగి తెచ్చి ఇచ్చేసింది. సగంలో పెట్టుకున్న బస్ టికెట్ ఇంకా అక్కడే ఉంది. "హంతకుడెవరో తెలిసినా పట్టుకునేది లేదు, అంతా అయిపోయి అరవై ఏళ్ళయింది. ఆ పోలీసాయన ఎప్పుడు చూసినా దిగులుగా ఉంటాడు. తవ్వేవాళ్ళు రోజుకి జానెడు కూడా తవ్వరు. ఇదేం డిటెక్టివ్ నవలే?" అంది. అప్పుడు నాకు సరైన జవాబు దొరకలేదు. నచ్చిన పుస్తకాన్ని ఎవరైనా అలా అంటే ముందు ఉక్రోషం వస్తుంది కదా, జవాబు తర్వాతెప్పుడో తడుతుంది. ఇన్నాళ్ళకి అది తట్టింది కాబట్టి రాస్తున్నాను.

ఆ నవల ఐస్‌లాండ్ రచయిత ఆర్నాల్దుర్ ఇంద్రిదాసన్ 2001లో రాసిన 'గ్రావర్‌థోగ్న్'. ఇంగ్లీషులో బెర్నార్డ్ స్కడర్ చేసిన అనువాదం 'సైలెన్స్ ఆఫ్ ది గ్రేవ్', నేను చదివింది అదే. నార్డిక్ దేశాల క్రైమ్ రచనలకిచ్చే గ్లాస్ కీ బహుమతి 2002లో ఈయన అంతకుముందు రాసిన నవలకి వస్తే, మరుసటి ఏడాదే దీనికీ వచ్చింది. 2005లో బ్రిటన్ వాళ్ళు గోల్డ్ డాగర్ ఇచ్చారు. బహుమతుల సంగతి ఇంతటితో చాలు.

కథ ఒక పుట్టినరోజు పార్టీలో మొదలవుతుంది. ఇల్లంతా పిల్లల గోల. తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్దామని వచ్చిన ఒక మెడికల్ స్టూడెంట్ కూర్చుని ఎదురుచూస్తుంటే, నేల మీద కూర్చుని ఏదో చీకుతున్న పసిపిల్ల మీద అతని చూపు పడుతుంది. పిల్ల నోట్లో ఉన్నది మనిషి పక్కటెముక ముక్క. ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ పెరిగి పెరిగి గుట్టల మీదికి పాకుతోంది, అక్కడ కొత్త ఇళ్ళకి తీసిన పునాది గుంటలో ఆడుకుంటూ ఆ ఇంటి పిల్లాడే దాన్ని ఏరుకొచ్చాడు. అంతే, అరుపులు లేవు, రక్తం లేదు. పళ్ళు వచ్చే వయసులో చిగుళ్ళు దురద పెట్టి పిల్లలు దొరికిందల్లా కొరుకుతారే, అలాగే ఆ పిల్ల కూడా కొరుకుతోంది. నాకు ఆ పేజీ దగ్గర ఒళ్ళు జలదరించింది. పాతకాలపు పాపం మళ్ళీ పైకి వచ్చేటప్పుడు ఇలాగే వస్తుంది కాబోలు, ఏమీ తెలియని పసివాళ్ళ నోట్లోకి.

ఇన్‌స్పెక్టర్ ఎర్లెండుర్ ఆ చోటుకి వెళ్ళి చూసి, జేసీబీలు పెట్టి తవ్వించకుండా పురావస్తు శాఖ వాళ్ళని పిలిపిస్తాడు. వాళ్ళు వచ్చి డేరా వేసి, తాళ్ళు కట్టి, పొర తర్వాత పొర చిన్న చిన్న పనిముట్లతో గీకడం మొదలుపెడతారు. నవలంతా ఈ తవ్వకం సాగుతూనే ఉంటుంది. ఎర్లెండుర్ కింద పనిచేసే సిగుర్దుర్ ఓలి అమెరికాలో చదువుకొచ్చిన కుర్రాడు, చురుకైనవాడు. అతనికి ఇదంతా విసుగు. ఎప్పుడో పోయిన మనిషి, చంపినవాడూ పోయే ఉంటాడు, ఎవరికోసం ఇదంతా అన్నది అతని ప్రశ్న. చూస్తే నా స్నేహితురాలి ప్రశ్న కూడా అదే. అంటే ఆ ప్రశ్న రచయితకి తెలియక కాదు, దాన్ని పుస్తకంలోనే ఒక మనిషిని చేసి నిలబెట్టాడు.

చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి రోజుకో డిటెక్టివ్ నవల తెచ్చుకుని చదివినవాళ్ళం మనం. అందులో చివరి పేజీలో బేడీలు పడాల్సిందే. బేడీలు పడగానే పుస్తకం మూసేస్తాం, చచ్చిపోయిన మనిషి ఎవరో మర్నాటికి గుర్తుండదు కూడా. శవం ఆ కథకి ఒక సాకు మాత్రమే. ఇక్కడ బేడీలు వేయడానికి చేతులే లేవు, మిగిలినవి ఎముకలు. అలాంటప్పుడు కథకి పని ఏముంటుంది? ఆ ఎముకలు ఎవరివో, ఆ మనిషి ఎలా బతికిందో లేక ఎలా బతికాడో తెలుసుకోవడం ఒక్కటే. అది తొందరపడితే అయ్యే పని కాదు. పార వేస్తే ఎముక విరుగుతుంది.

తొందరపడితే ఏమవుతుందో ఐస్‌లాండ్ వాళ్ళకి బాగా తెలుసు. 1974లో ఆ దేశంలో ఇద్దరు మగవాళ్ళు మాయమయ్యారు, ఒకరు జనవరిలో, ఇంకొకరు నవంబర్లో. వాళ్ళ పేర్ల మీదే దాన్ని గుద్‌ముందుర్, గేర్‌ఫిన్నుర్ కేసు అంటారు. శవాలు దొరకలేదు, ఈనాటికీ దొరకలేదు. ఏడాదికి హత్యలు వేళ్ళ మీద లెక్కపెట్టే చిన్న దేశం, జనంలో టెన్షన్, పోలీసుల మీద ఒత్తిడి. ఆరుగురు కుర్రకారుని పట్టుకుని ఒంటరి గదుల్లో పడేసి నెలల తరబడి అడిగిందే అడిగారు. అందులో ఒకతన్ని ఆరువందల రోజులకి పైగా ఒంటరిగా ఉంచారు. అడగ్గా అడగ్గా వాళ్ళకే నమ్మకం పోయింది, మేమే చేశామేమో, మాకే గుర్తులేదేమో అనే స్థితికి వచ్చారు. ఒప్పేసుకున్నారు. మనిషి తన జ్ఞాపకాన్ని తానే నమ్మలేని ఆ స్థితిని తర్వాత అధ్యయనం చేసి దానికి ఒక పేరు పెట్టినవాళ్ళలో ఒకరు గిస్లీ గుద్‌యోన్సన్ అనే ఐస్‌లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్తే. 1980లో సుప్రీంకోర్టు శిక్షలు ఖాయం చేసింది. 2018లో అదే కోర్టు ఆ ఆరుగురిలో ఐదుగురు నిర్దోషులని తీర్పు చెప్పింది. అప్పటికి వాళ్ళలో ఇద్దరు చనిపోయారు.

ఆర్నాల్దుర్‌కి 1974లో పదమూడేళ్ళు. ఆ కేసుకీ ఈ నవలకీ నేనేమీ ముడి పెట్టడం లేదు. కాకపోతే, ఎముకలు లేకుండానే హంతకుల్ని తయారుచేసిన దేశంలో కూర్చుని, హంతకుడి ఊసు పక్కనపెట్టి ముందు ఎముకల్ని మెల్లగా బయటికి తియ్యండయ్యా అనే నవల ఒకటి వచ్చిందంటే, ఆ నిదానాన్ని 'స్లోగా ఉంది' అని తోసిపారెయ్యడం నాకు చేతకాదు.

ఇక తవ్వకానికి పక్కనే ఇంకో కథ నడుస్తుంది. రెండో ప్రపంచయుద్ధం రోజులు. 1940 మే నెలలో బ్రిటిష్ సైన్యం ఐస్‌లాండ్‌లో దిగింది, మరుసటి ఏడాది అమెరికన్లు వచ్చారు. పశువులు కాచుకునే గుట్టల మీద సైనిక శిబిరాలు లేచాయి. అలాంటి ఒక గుట్ట మీద, శిబిరానికి దగ్గర్లో ఒక ఇల్లు. అందులో ఒక ఆడమనిషి, ఆమె భర్త గ్రీముర్, ముగ్గురు పిల్లలు. పెద్దది మిక్కెలీనా అంతకుముందు ఇంకొకరి వల్ల పుట్టిన కూతురు, చిన్నప్పుడు జబ్బు చేసి కాలూ చెయ్యీ సరిగా ఆడవు, మాట సరిగా రాదు. గ్రీముర్ భార్యని కొడతాడు. ఎందుకని అడిగితే కారణం ఉండదు. ఆమె పిల్లల్ని తీసుకుని పారిపోతే వెతికి పట్టుకుంటాడు, మళ్ళీ ఇలాంటి పని చేస్తే ఆ కుంటిపిల్లని చంపేస్తానంటాడు. ఆమె ఇంకెక్కడికీ వెళ్ళదు.

ఈ అధ్యాయాలు చదువుతూ నేను రెండుసార్లు పుస్తకం మూసేశాను. కాబట్టి ఇంకో విమర్శ కూడా నాకు అర్థమవుతుంది, ఆడవాళ్ళ మీద హింసని పేజీలకి పేజీలు చూపించి అమ్ముకుంటున్నారు అనేది. క్రైమ్ నవలల్లో చాలావాటికి ఈ మాట తగిలి తీరుతుంది. అందంగా, నగ్నంగా, వర్ణించి వర్ణించి పరిచిన ఆడ శవాలతో మొదలయ్యే పుస్తకాలు నేనూ చదివాను, చదివి కడుపులో తిప్పి పక్కన పెట్టాను. ఇక్కడ తేడా ఎక్కడుందంటే చూసే కళ్ళలో ఉంది. కొట్టేవాడి కళ్ళతో ఒక్క దెబ్బ కూడా చూడం, పిల్లల కళ్ళతో చూస్తాం. సీమోన్ అనే పిల్లాడు తండ్రి ఇంట్లోకి వస్తున్నాడంటే అడుగుల చప్పుడు బట్టి, మొహం బట్టి ఈ పూట ఏం జరగబోతోందో లెక్కలు కడుతుంటాడు. అమ్మని కొడుతుంటే తనేం చెయ్యగలడా అని ఆలోచిస్తాడు, ఏమీ చెయ్యలేడు, ఆ చెయ్యలేకపోవడం వాడి లోపల గడ్డకడుతుంది. హింసని అమ్ముకునేవాడు దెబ్బ దగ్గర ఆగుతాడు, ఈ రచయిత దెబ్బకి ముందుండే నిశ్శబ్దం దగ్గర ఆగాడు.

గ్రీముర్ తిట్టే తిట్లలో ఒకటి మాత్రం నన్ను వేరే దారి పట్టించింది. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు లోకం అంతమైపోతుందని పుకారు పుట్టి, రేక్యావిక్ గ్యాస్ ఫ్యాక్టరీలో కొందరు చేరి చివరి రాత్రి అని విచ్చలవిడిగా గడిపారని, నువ్వు ఆ రాత్రి పుట్టుకవేనని భార్యని ఎత్తిపొడుస్తుంటాడు. అదే తోకచుక్క. అదే 1910లో విజయనగరంలో గురజాడ దాన్ని చూసి 'ముత్యాల సరాలు' రాశాడు. జనం అరిష్టమని భయపడుతుంటే, భూమికి దూరపు చుట్టం దారిలో పోతూ చూసిపోవడానికి వచ్చాడన్నాడు. ఒక చోట అది చుట్టమైంది, ఒక చోట ఒక ఆడదాని పుట్టుక మీద వేసే మచ్చయింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలా ఉండిపోయాను.

ఇంకో సంగతి. ఆ తల్లికి పేరుండదు. పిల్లలకి పేర్లున్నాయి, కొట్టేవాడికి పేరుంది, ఆమె మాత్రం అధ్యాయం తర్వాత అధ్యాయం 'ఆమె', 'అమ్మ' అంతే. చాలామందికి ఇంటిపేర్లు లేని దేశం అది, తండ్రి పేరుకి కొడుకు అనో కూతురు అనో చేర్చుకుంటారు, ప్రధానమంత్రిని కూడా సొంత పేరుతోనే పిలుస్తారు. అలాంటి చోట మనిషికి ఉన్నదల్లా ఆ ఒక్క పేరే. దాన్ని రచయిత చివరిదాకా దాచి ఉంచాడు. ఎర్లెండుర్ ఇంత తవ్వకం పెట్టించి, ముసలివాళ్ళని ఆస్పత్రుల్లో వెతికి పట్టుకుని, పాత అద్దె కాగితాలు తిరగేయించి సంపాదించిందేమిటయ్యా అంటే ఆ పేరు. ఇక్కడ రాయను, చదవనివాళ్ళు చదివి తెలుసుకోండి. ఆ పేరు చదివాక నాకు బేడీలు గుర్తురాలేదు.

నవలలో మిక్కెలీనా ముసలిదై కనిపిస్తుంది. మాట రాదనుకున్న పిల్లే చివరికి కథంతా చెప్పేది. 'గృహహింస' అన్న మాట ఆమెకి నచ్చదు. లోపల జరిగేదేమిటో తెలియనివాళ్ళకి పనికొచ్చే మెత్తటి మాట అది, అక్కడ జరిగేది ఆత్మని చంపడం అన్న అర్థంలో మాట్లాడుతుంది. మనకి 2005లో ఆ మాటతో చట్టమే వచ్చింది, మంచిదే, వచ్చి తీరాల్సిందే. కానీ ఇళ్ళల్లో ఆ మాట ఎవరు వాడతారు? 'కాస్త కోపం ఎక్కువ', 'చెయ్యి చేసుకుంటాడు గానీ మనసు మంచిది', 'సర్దుకుపోవాలమ్మా'. చెయ్యి చేసుకోవడం! దెబ్బ అని కూడా అనం. ఆ మొగుడు పోయాక ఇక చెప్పనే అక్కర్లేదు, చచ్చినవాడి కళ్ళు చారెడు. హాల్లో ఫొటోకి దండ, చిన్న బల్బు, ఏటా తద్దినం. ఆవిడ ఆ ఫొటో కిందే కూర్చుని కూరలు తరుగుతూ ఉంటుంది. ఎవరైనా పాత సంగతి ఎత్తబోతే మనకో సామెత సిద్ధంగా ఉంది, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని.

ఈ సామెత మా అమ్మమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అమ్మమ్మకి ఒక చెల్లెలు ఉండేదట. పెళ్ళయిన రెండో ఏడు అత్తవారింట్లో కాలు జారి బావిలో పడి పోయింది. మాకు తెలిసిన కథంతా ఆ ఒక్క వాక్యమే. పెళ్ళిళ్ళలోనో, పేరంటాల్లోనో ఎవరైనా ఆవిడ మాట ఎత్తితే 'పాపం, కాలు జారింది' అని అమ్మమ్మ వెంటనే ఇంకో మాటలోకి వెళ్ళిపోయేది. నా డిగ్రీ అయిన ఏడాది వేసవిలో, అప్పటికి అమ్మమ్మకి ఎనభై దాటాయి, మధ్యాహ్నం కరెంటు పోతే వసారాలో పక్కన కూర్చుని విసురుతున్నాను. ఏ సందర్భమూ లేకుండా, "పట్టీలు తీసి గూట్లో పెట్టింది" అంది. ఎవరు అమ్మమ్మా అన్నాను. "బావి పక్క గోడకి గూడు ఉంటుంది కదూ, సబ్బు అదీ పెట్టుకోవడానికి. కాళ్ళ పట్టీలు తీసి, సీలలు మళ్ళీ బిగించి, ఆ గూట్లో పెట్టింది. చేద తాడు కొక్కేనికి చుట్టి ఉంది చుట్టినట్టే. నీళ్ళకి వెళ్ళినది కాదు." కాసేపాగి, "అంతకుముందు వారమే ఇంటికొచ్చేసింది. వీపు చూపించింది. నేనే సర్ది చెప్పి బండెక్కించాను" అంది.

కాలు జారినవాళ్ళు పట్టీలు తీసి పెట్టరు. సీలలు మళ్ళీ బిగించి పెట్టరు. అరవై ఏళ్ళు ఆ ముసలావిడ ఈ చిన్న లెక్కని లోపల పెట్టుకుని, పైకి మాత్రం కాలు జారిందని చెబుతూ బతికింది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నాను. ఈ నవల చదివాక అది మర్యాద కాదని తెలిసింది. మిక్కెలీనా ఎర్లెండుర్‌కి అంతా చెప్పగలిగిందంటే అతను తెలివైన ప్రశ్నలు వేసినందుకు కాదు, ఎదురుగా కూర్చుని లేవకుండా విన్నందుకు.

అతనికి వినడం ఎలా వచ్చిందో కూడా నవలలోనే ఉంది. చాలామంది ఈ భాగాన్ని కేసుకి అడ్డం వచ్చే సొంత గోల అంటారు, నాకు మాత్రం ఇది తీసేస్తే పుస్తకమే లేదు. ఎర్లెండుర్ ఎప్పుడో భార్యాపిల్లల్ని వదిలేసి వచ్చినవాడు. కూతురు ఎవా లిండ్ డ్రగ్స్‌లో పడింది. సాయం చెయ్యమని ఫోన్ చేస్తుంది, వెతుక్కుంటూ వెళ్ళేసరికి రక్తంలో పడి ఉంటుంది, కడుపులో బిడ్డ పోతుంది, ఆమె కోమాలోకి వెళ్ళిపోతుంది. పక్కన కూర్చుని ఏదైనా మాట్లాడుతూ ఉండమని డాక్టర్ చెబుతాడు. ఏం మాట్లాడాలో అతనికి తెలియదు. చివరికి ఎవరికీ చెప్పనిది చెప్పడం మొదలుపెడతాడు. తనకి పదేళ్ళప్పుడు తండ్రితో, తమ్ముడితో కొండ మీదికి వెళ్తే మంచు తుపాను కమ్మేసింది. తమ్ముడి చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఎక్కడో ఆ చెయ్యి జారిపోయింది. తనని మంచులోంచి తవ్వి తీశారు. తమ్ముడు దొరకలేదు, ఎముక కూడా. అందుకే తీరిక దొరికితే కొండల్లో తప్పిపోయినవాళ్ళ కథలున్న పుస్తకాలే చదువుతాడు. పగలు ఎవరివో తెలియని ఎముకల దగ్గర నిలబడతాడు, రాత్రి పలకని కూతురి పక్కన కూర్చుంటాడు. ఆ దిగులు రచయిత పైన పూసిన రంగు కాదు, ఆ మనిషికి మిగిలిన చెయ్యి అది. నా స్నేహితురాలికి నేను చెప్పాల్సిన జవాబు ఇదే.

బండెక్కించిన చెయ్యి గురించి కూడా అమ్మమ్మ అలాగే అనుకుని ఉంటుందా? ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు.

ఆ ఇంటి దగ్గర, గుట్ట మీద, కొన్ని ఎర్రపళ్ళ పొదలుంటాయి. ఇల్లు కూలిపోయి ఆనవాలు లేకపోయినా పొదలు మిగిలాయి. ఆకుపచ్చ బట్టలు వేసుకున్న వంకర మనిషి ఒకావిడ అప్పుడప్పుడూ వచ్చి వాటిని చూసుకుంటుందని ఒక ముసలాయన పోలీసులకి చెబుతాడు. మనుషులు లేచిపోయిన చోట చెట్లు ఉండిపోతాయి, చూసుకునేవాళ్ళుంటే. ఆ పేజీ చదివిన రాత్రే అమ్మకి ఫోన్ చేశాను. పిన్నమ్మమ్మ పేరేమిటని అడిగాను. ఇంత రాత్రప్పుడు ఇదేం ప్రశ్న అంది, తర్వాత చెప్పింది, నాంచారమ్మ. నలభై ఏళ్ళొచ్చాయి నాకు, ఆ పేరు మొదటిసారి వినడం అదే. ఆ పట్టీలు ఏమయ్యాయో నీకు తెలుసా అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. టీవీ సౌండ్ తగ్గించినట్టుంది.

"అమ్మ పెట్టెలో అడుగున దాచింది. నువ్వు పుట్టాక కంసాలికిచ్చి కరిగించి నీకు మొలతాడు చేయించింది, బారసాలకి. బీరువాలో ఉందింకా. వచ్చినప్పుడు తీసుకెళ్ళు."